పిందె రాలిపోతోందా? మందు పక్కన పెట్టి, సాయంత్రం పాదు దగ్గర కుర్చీ వేసుకోండి

"అక్కా, మీ దగ్గర కొన్న ఆనప పాదు మేడంతా పాకేసింది. పూలు విరగబూస్తున్నాయి. పిందె మాత్రం బొటనవేలంత అయ్యేసరికి పసుపెక్కి రాలిపోతోంది. ఏం మందు కొట్టమంటారు?"

మా కొట్టుకు ఏడాది పొడుగునా వచ్చే ఫోను ఇదే. ఊరు మారుతుంది, ఆనప బదులు బీర అంటారు, గుమ్మడి అంటారు, ప్రశ్న మాత్రం మారదు. మాది కడియం దగ్గర నర్సరీ. రాజమండ్రి నుంచి రావులపాలెం వెళ్తుంటే కడియపులంక దగ్గర రోడ్డు పక్కన మొక్కలే మొక్కలు కనిపిస్తాయి కదండీ, వాటిలో మాదీ ఒకటి. మావారు అంట్లు కడతారు, నేను కొట్టు చూస్తాను. మందు అమ్ముకుంటే నాకు నాలుగు రూపాయలు మిగులుతాయి. అయినా నేను ఎదురు ఒక ప్రశ్న అడుగుతాను: "సాయంత్రం ఆరింటికి ఆ పువ్వు మీద ఎవరు వాలుతున్నారో చూశారా అమ్మా?"

చూడరు. ఆరింటికి టీవీ పెడతారు.

పిందె రాలడానికి కారణాలు చాలానే ఉంటాయి కానీ, మేడల మీద ఎక్కువగా కనబడేది ఒకటే: పుప్పొడి అందలేదు. మోసుకొచ్చేవాళ్లు రాలేదు. వాళ్లెవరో, ఎప్పుడొస్తారో, ఎందుకు మానేశారో, మళ్లీ రావాలంటే మనం ఏం చేయాలో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ముందు రోగం అదేనా అని తేల్చుకోండి

పువ్వు కింద బుల్లి కాయ ఉంటే ఆడ పువ్వు. సన్నటి కాడ మీద పువ్వు ఒక్కటే ఉంటే మగది. పాదు మొదట్లో మగ పూలే వస్తాయి, అవి రాలిపోతాయి. దానికి కంగారు పడక్కర్లేదు. ఆడ పువ్వు వాడాక కింది పిందె కొస నుంచి పసుపెక్కి, ముడుచుకుని, మెత్తబడితే పుప్పొడి అందలేదని అనుమానించాలి. కాయ మీద సూదితో పొడిచినట్టు గాటు, దాని చుట్టూ జిగురు, కోసి చూస్తే లోపల తెల్ల పురుగులు ఉంటే అది పండు ఈగ పని. దానికి వైద్యం వేరు.

అనుమానం తీరాలంటే చిన్న పరీక్ష ఉంది. పాత వాయిల్ చీర ముక్కతో బుల్లి సంచులు కుట్టుకోండి. రేపు విచ్చుకునేలా ఉన్న ఆడ మొగ్గలు మూడు చూసుకోండి. ఒకదానికి సంచి కట్టి వదిలేయండి. రెండోదానికి కూడా కట్టి, విచ్చుకున్న వేళకు విప్పి మీ చేత్తో మగ పువ్వు పుప్పొడి అద్ది మళ్లీ కట్టేయండి. మూడోదాన్ని దాని మానాన వదలండి. వారం ఆగి చూడండి. చేత్తో అద్దింది నిలిచి, వదిలేసింది రాలిందా? మీ మేడ మీదికి ఎవరూ రావడం లేదన్నమాట. రెండూ నిలిచాయా? వచ్చేవాళ్లు వస్తున్నారు, దిగులు లేదు. చేత్తో అద్దింది కూడా రాలితే నీళ్లో, ఎరువో, కుండీ చాలకపోవడమో, ఎండ దెబ్బో, అటు వెతకండి. సంచి కట్టి వదిలేసింది ఎలాగూ రాలాలి. అది నిలిచిందంటే సంచికి చిల్లు ఉంది.

పువ్వుకో వేళ

ఇది తెలియకే సగంమంది తికమక పడతారు. ఆనప పువ్వు పొద్దువాలాక విచ్చుకుంటుంది. బీర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. పొట్ల పువ్వు చీకటి పడ్డాక జాలరు అంచులు విప్పుతుంది. గుమ్మడి తెల్లవారకముందే విచ్చుకుని, ఎండ ముదిరేలోపు ముడుచుకుపోతుంది. కాకర, దోస పొద్దుటి పూలు. నేతిబీర కూడా పొద్దున్నే. బీరకు చుట్టమే అయినా దాని వేళ వేరు.

తెల్లగా ఉండి సాయంత్రం విచ్చుకునే పువ్వు సాధారణంగా రాత్రి తిరిగేవాళ్ల కోసం. ఆనప దగ్గరికి చీకటి పడుతున్న వేళ పెద్ద రెక్కల పురుగు ఒకటి వస్తుంది. వాలదు. పువ్వు ముందు గాల్లోనే నిలబడి, చుట్టచుట్టిన పొడుగాటి తొండం చాపి తేనె పీల్చి, పక్క పువ్వుకు జరుగుతుంది. దాన్ని చూసి జడుసుకుని చీపురు తీసేవాళ్లున్నారు. అది కుట్టదు, కరవదు. చిలగడదుంప తీగ మీద తోక దగ్గర కొమ్మున్న లావుపాటి గొంగళి కనబడుతుందే, అది పెరిగితే ఇలాంటి రెక్కల పురుగే అవుతుంది. గొంగళిని నలిపేసి, ఆనపకు కాయ రాలేదంటే ఎలాగండీ? ఇంకో సంగతి, మేడ మీద రాత్రంతా తెల్లటి ఎల్‌ఈడీ దీపం వెలిగితే ఈ పురుగులు పువ్వును వదిలి దీపం చుట్టూ తిరుగుతాయి. పాదు ఉన్న వైపు దీపం ఆపేయడానికి పైసా ఖర్చు లేదు.

కూర్చుని చూడటం ఎలా

ఒక్క మొక్క చాలు. దాని ఎదురుగా కదలకుండా పావుగంట. అగరుబత్తి, దోమల చుట్ట, సెంటు వద్దు. ఎవరొచ్చారు, ఎన్ని పూల మీద వాలారు, కాళ్లకు పసుపు పొడి అంటిందా లేదా, ఇంతే రాసుకోండి. పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి, వారంలో రెండు మూడు రోజులు చేస్తే మీ పెరటి లెక్క మీకే తెలుస్తుంది. పేరు తెలియకపోతే ఫోటో తీసి ఐనాచురలిస్ట్ అనే యాప్‌లో పెడితే తెలిసినవాళ్లు చెబుతారు. నేను సగం పురుగుల పేర్లు అలాగే నేర్చుకున్నాను. ఇంగ్లీషు పేర్లే వస్తాయి, మనం మన పేరు పెట్టుకుంటే సరి.

తేనెటీగ అనగానే అందరూ ఒకటే అనుకుంటారు. మన దగ్గర తేనె పెట్టేవి నాలుగు రకాలు తప్పకుండా కనబడతాయి. చెట్టు చిటారు కొమ్మకో, వాటర్ ట్యాంకు అడుగునో ఒకే ఒక్క పెద్ద పట్టు పెట్టేది పెద్ద తేనెటీగ. దీనితో జాగ్రత్త, కదిపితే గుంపుగా వస్తుంది. చెట్టు తొర్రలో, పాత గోడ సందులో వరసగా పలకలు పెట్టేది మన దేశవాళీ తేనెటీగ. పెట్టెల్లో కూడా పెంచుతారు. గోరింట కంచెలోనో, నిమ్మ కొమ్మకో అరచేతంత పట్టు పెట్టేది చిన్నది. పొట్ట ముందు భాగం ఎర్రగా, వెనక తెల్ల చారలు ఉంటాయి. ఇక నాలుగోది మరీ చిన్నది, నల్లగా దోమంత ఉంటుంది, కుట్టదు. గోడ పగుళ్లలో, గేటు గొట్టాల్లో, కరెంటు మీటరు పెట్టెలో కాపురం పెట్టి, ముందు బంకతో చిన్న గొట్టం కడుతుంది. ఆ గొట్టం చూసి చెదలనుకుని మందు పోస్తారు. చెదలు కాదండీ. పోయకండి. అవి కొన్ని వందల మీటర్లకు మించి వెళ్లవు. అంటే మీ మీటరు పెట్టెలో ఉన్నవి మీ మేడ కోసమే ఉన్నట్టు లెక్క.

తేనె పెట్టని ఈగలు వీటికంటే ఎన్నో రకాలు. పల్లెటూరి పెరడును నిజంగా మోసేవి అవేనని నా అభిప్రాయం.

తుమ్మెదనే తీసుకోండి. నల్లగా, లావుగా, రెక్కలు నీలంగా మెరుస్తూ, పెద్ద చప్పుడుతో వస్తుంది. పిల్లలు భయపడతారు కానీ చేత్తో పట్టి నలిపితే తప్ప కుట్టదు. కంది పువ్వు, మునగ పువ్వు, చిక్కుడు పువ్వు దానికి ఇష్టం. చిన్న ఈగ బరువుకు లొంగని పువ్వును తుమ్మెద వాలి తన బరువుతోనే తెరుస్తుంది. ఎండిన వెదురులో, పాత దూలంలో బెజ్జం చేసుకుని పిల్లల్ని పెడుతుంది. మా చిన్నప్పుడు తాటాకిళ్లకు వెదురు వాసాలుండేవి. వాటిలో తుమ్మెదలు ఝుమ్మంటుంటే మా నాయనమ్మ "కప్పు తినేస్తున్నాయి" అని తిట్టేది, చంపనిచ్చేది మాత్రం కాదు. ఇప్పుడు ఇళ్లన్నీ శ్లాబులయ్యాయి. మంచిదే, వానకు కారదు. తుమ్మెదకు మాత్రం ఇల్లు పోయింది.

వంగ పువ్వు దగ్గర ఇంకో వింత ఉంటుంది. వంగ, టమాటా పూలలో పుప్పొడి బయటికి కనబడదు. పసుపు గొట్టాల్లాంటివి ఉంటాయే, వాటి లోపల ఉంటుంది. వంగలో ఆ గొట్టం కొసన ఉప్పుడబ్బా మూతకున్నట్టు సన్నటి బెజ్జాలు. ఈగ వచ్చి పువ్వును కరిచి పట్టుకుని, రెక్కలు ఆడించకుండా ఒళ్లంతా జుయ్యిమని వణికిస్తుంది. పుప్పొడి జలజలా రాలుతుంది. తుమ్మెద ఈ పని చేస్తుంది. పొట్ట మీద నీలి చారలు మెరిసే ఇంకో ఈగ ఉంది, అది కూడా చేస్తుంది. తేనెటీగకు చేతకాదు. అందుకే వంగతోటకు తేనెపెట్టె తెచ్చి లాభం పెద్దగా ఉండదు. వంగా టమాటా కొంతవరకు వాటంతట అవే, గాలికి ఊగి కాస్తాయి. గాలి ఆడని బాల్కనీ అయితే పూలగుత్తిని వేలితో మెల్లగా కొట్టండి, లేదా పాత బ్యాటరీ టూత్‌బ్రష్ వెనకవైపు పువ్వు కాడకు ఆనించండి. మా కోడలు అలాగే చేస్తుంది, చెర్రీ టమాటాలు గుత్తులు గుత్తులు కాస్తున్నాయి.

బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వుకూ ఇదే పద్ధతి. అందులో తేనె ఉండదు. పుప్పొడి కోసమే తుమ్మెదలు వచ్చి వణికించి పోతాయి. తెలంగాణ రాష్ట్ర పుష్పమని గోడల మీద బొమ్మలు వేస్తున్నారు, సంతోషం. దాంతోపాటు ఊరి బయట బంజరులో నాలుగు తంగేడు పొదలు, గట్ల మీద కొంచెం గునుగు కలుపుమందుకు పోకుండా మిగిల్చితే పండగకూ పూలుంటాయి, తుమ్మెదకూ తిండి ఉంటుంది.

గులాబీ ఆకుల అంచున ఎవరో కత్తెరతో అర్ధచంద్రాకారంగా కోసినట్టు ఉందని ఫోటోలు పంపుతారు. అది గొంగళి కాదు, ఆకు కత్తిరించే ఈగ. ఆ ముక్కను చుట్టి తీసుకెళ్లి వెదురు బెజ్జంలో పిల్లకు పొత్తిళ్లు కడుతుంది. కందికి పుప్పొడి మోసేవాటిలో ఇది ముఖ్యమైనది. నాలుగు ఆకులు పోతే గులాబీ చావదు.

ఇవి కాక మామిడి పూతకు మామూలు ఈగలే పెద్ద దిక్కు. పూత మీద ఈగలు ముసిరాయని చిరాకు పడకండి. సీతాఫలానికి ఆవగింజ కంటే కొంచెం పెద్దవైన పెంకు పురుగులు. మేడిపండు పొట్టలో పురుగులని తీసిపారేస్తాం గానీ, ఆ బుల్లి కందిరీగ దూరకపోతే మేడికి, రావికి, మర్రికి విత్తనమే లేదు. ఇప్పకు, బూరుగకు గబ్బిలాలు. ఇక పామాయిల్ కథ వినాలి. ఏలూరు వైపు తోటలకు కాయ పట్టించేది ఒక చిన్న ముక్కు పురుగు. అది మన దేశపుది కాదు. ఆఫ్రికా పురుగు, 1985లో మన దేశానికి తెచ్చి వదిలారు. అంతకుముందు మనుషులు చేత్తో పుప్పొడి చల్లాల్సి వచ్చేది. ఆ పురుగు మగ పూగెలల్లోనే పిల్లల్ని పెడుతుంది కాబట్టి, తోట నీటుగా ఉండాలని వాడిన మగ గెలలన్నీ కోసి పారేయకూడదు.

చేత్తో చేసే పని ఎంత కష్టమో తెలియాలంటే గద్వాల వైపు హైబ్రిడ్ పత్తి విత్తనం పండించే చేలకు వెళ్లాలి. మధ్యాహ్నం నుంచి కూలీలు మొగ్గ మొగ్గకూ మగ భాగం గిల్లి తీసేస్తారు. మర్నాడు పొద్దున్నే వేరే రకం పువ్వు తెచ్చి ఒక్కొక్కదానికీ రుద్దుతారు. వంగి వంగి నడుములు పోతాయి. ఈగలు మనకు ఉచితంగా చేసిపెట్టే పనికి అక్కడ రోజు కూలి లెక్క కడతారు.

ఏ మొక్క పెట్టాలి

మొక్కలమ్మే మనిషిని కాబట్టి ఈ మాట నా నోటితో చెప్పడం నష్టమే. అయినా చెబుతున్నాను. కంటికి నిండుగా కనబడే ముద్ద పువ్వు ఈగకు పెద్దగా పనికిరాదు. ముద్ద మందారం, ముద్ద బంతి, ముద్ద గులాబీ, వీటిలో పుప్పొడి ఉండాల్సిన చోట రేకులు పెరిగి ఉంటాయి. ఉన్న కాస్త తేనె దగ్గరికి చేరడానికి దారి ఉండదు. కొనండి, నేను అమ్ముతాను, దేవుడికి పెట్టుకోండి. పక్కన రేక మందారం, ఒంటిరెక్క బంతి కూడా పెట్టండి.

అన్నిటికంటే చవకైన సలహా: తులసి కంకులు అన్నీ తుంచకండి. ఆకు గుబురుగా రావాలని అందరూ తుంచుతారు. ఒక కుండీకి తుంచండి, ఇంకో కుండీ వదిలేయండి. చిన్న తేనెటీగలు, కుట్టని ఈగలు పొద్దున్నుంచి దాన్ని వదలవు. కొత్తిమీర ముదిరితే పీకేయకుండా పూతకు వదలండి. ఆ తెల్ల పూలకు పసుపు చారల ఈగలు వస్తాయి. చూడ్డానికి కందిరీగలా ఉంటాయి కానీ కుట్టవు. వీటి పిల్లలు పేనుబంకను తింటాయి, అంటే రెండు పనులు ఒకేసారి. గడ్డిచామంతిని కలుపని ఊడ్చేయకుండా ఒక మూల ఉండనివ్వండి. నీళ్లు అడగదు, ఏడాదంతా పూస్తుంది.

సీతాకోకచిలుకలు పుప్పొడి మోయడంలో ఈగలంత గట్టివి కావు. అయినా చూస్తే మనసు బాగుంటుంది కదా. వాటికి పువ్వు కంటే పిల్లలకు ఆకు ముఖ్యం. కరివేపాకు మీద, నిమ్మ మీద పిట్టరెట్ట రంగులో మచ్చలతో ఉండి, పెరిగాక పచ్చగా మారే గొంగళి సీతాకోకచిలుకదే. కరివేపాకు మొక్కలు రెండు పెట్టుకోండి. ఒకటి చారులోకి, ఒకటి వాటికి. జిల్లేడు ఉంటే నారింజ రంగు రెక్కలవి వస్తాయి.

స్థలం ఉన్నవాళ్లు చెట్ల వరస ఆలోచించాలి. మునగ చలికాలంలో, వేప, కానుగ ఎండాకాలంలో, చింత తొలకరి ముందు, రేగు వానలు వెనకబడే వేళ, కుంకుడు కార్తీకం అటూ ఇటూగా పూస్తాయి. ప్రాంతాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది. లోటు పడేది ఆషాఢ శ్రావణాల్లో. మా డెల్టాలో అప్పుడు ఎటు చూసినా వరే. కంటికి పచ్చగా ఉంటుంది కానీ వరికి ఈగలతో పని లేదు, దానిలో తేనె లేదు. ఈగ కళ్లతో చూస్తే అది ఎడారే. కోనసీమలో కొబ్బరి నెలకో గెల వేస్తుంది కాబట్టి కొంత నయం. ఆ రెండు నెలల్లో పూసే మొక్క ఏదైనా మీ ఇంట్లో ఉంటే దాని విలువ ఎక్కువ. తులసి, రేక బంతి, గడ్డిచామంతి, పొద్దుతిరుగుడు, నువ్వులు, ఏదైనా సరే.

గూడు

పూలు పెట్టి గూడు మరచిపోతే వచ్చినవాళ్లు నిలవరు. ఎండిన వెదురును కణుపు ఒకవైపు మూసి ఉండేలా జానెడు ముక్కలుగా కోయండి. లోపలి బెజ్జం పెన్సిలు దూరేంత మొదలు బొటనవేలు దూరేంత వరకు రకరకాలుగా ఉండాలి. చివర్లు నున్నగా గరకు కాగితంతో రుద్దండి, పేళ్లు ఉంటే రెక్కలు చిరుగుతాయి. కట్టగా కట్టి, వాన పడని చూరు కింద, పొద్దుటి ఎండ తగిలేలా, ఊగకుండా బిగించండి. రంగు, వార్నిష్ వద్దు. నోరు మట్టితోనో ఆకుతోనో మూసుకుపోయిందంటే లోపల పిల్లలున్నట్టు. కదపకండి. పిల్లలు బయటికొచ్చి ఖాళీ అయిన ముక్కలను ఏడాదికోసారి తీసి కొత్తవి పెట్టాలి. లేకపోతే బూజూ పేలూ పడతాయి. ఆన్‌లైన్లో "బీ హోటల్" అని బొమ్మరిల్లులా అమ్ముతున్నారు. చాలావాటిలో బెజ్జాలు వెనకవైపు తెరిచే ఉంటాయి, కొన్నిట్లో అలంకారానికి దేవదారు కాయలు నింపుతారు. డబ్బు దండగ.

నేలలో గూడు పెట్టే ఈగలు ఇంకా ఎక్కువ. నీలి చారలది మట్టిగోడలో, గట్టు నేలలో తొలుచుకుంటుంది. పెరడంతా సిమెంటు చేయించకుండా, ఎండ పడే చోట చాపంత నేల గడ్డి లేకుండా, తవ్వకుండా వదిలేయండి. నీళ్ల కోసం వెడల్పాటి మూకుడులో గులకరాళ్లు వేసి, రాళ్లు పైకి తేలేంత నీరు పోయండి. దోమలు పెట్టకుండా రెండ్రోజులకోసారి మార్చండి.

అపార్టుమెంటుకు పెద్ద పట్టు పడితే

కాల్చొద్దు. రాత్రి కాగడా పెట్టి దులిపితే ఈగలు చస్తాయి, మిగిలినవి చెదిరి అడ్డొచ్చినవాళ్లను కుడతాయి. పెద్ద తేనెటీగ ఒకచోట శాశ్వతంగా ఉండదు, కొన్ని నెలలకు వలస పోతుంది. పట్టు ఎత్తులో, మనుషులు తిరగని వైపు ఉంటే వదిలేయడమే మంచిది. ఆ వైపు బాల్కనీ కిటికీలకు దోమతెర బిగించి, రాత్రి దీపాలు తగ్గించండి. ఇవి రాత్రిళ్లు వెలుగుకు ఆకర్షణ పడి ఇళ్లలోకి వచ్చేస్తాయి. పిల్లలు రాళ్లు విసరకుండా చూడాలి. బడి గుమ్మం మీద, ఆస్పత్రి మెట్ల దగ్గర అయితే తప్పదు, చంపకుండా తీయడం తెలిసినవాళ్లను పిలవండి. కుడితే ముల్లును గోరుతో గీకి వెంటనే తీసేయాలి. ఎక్కువ కుట్టినా, మొహం వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి. ఇందులో చిట్కా వైద్యాలు వద్దు.

మందుల సంగతి

సీసా మీద రంగు త్రికోణం చూసి "ఆకుపచ్చది, ఏం కాదు" అంటారు. ఆ రంగు మనిషికి ఎంత విషమో చెబుతుంది. ఈగకు ఎంత విషమో చెప్పదు. నీలం, ఆకుపచ్చ గుర్తున్నవి కూడా ఈగను చంపగలవు. లేబులు మీద చిన్న అక్షరాల్లో తేనెటీగల గురించి హెచ్చరిక ఉందేమో వెతికి చదవండి. ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్ లాంటివి మొక్క రసంలో కలిసిపోయి పుప్పొడిలోకీ తేనెలోకీ చేరతాయి. యూరప్ దేశాల కూటమి 2018లో ఆరుబయట పొలాల్లో వీటి వాడకాన్ని ఆపేసింది. మేడ మీద నాలుగు కుండీలకు వీటి అవసరం నాకు ఎప్పుడూ కనబడలేదు. పేనుబంకకు నీళ్ల పైపు ధార, సబ్బునీళ్లు చాలు. వేపనూనె కూడా విచ్చుకున్న పువ్వు మీద కొట్టకండి, ఆకు అడుగున కొట్టండి, అదీ ఈగలు ఇళ్లకు వెళ్లాక.

రైతులకు తప్పదంటారా, అప్పుడు వేళ ముఖ్యం. పొద్దువాలాక కొట్టండి. మామిడిలో తేనెమంచు పురుగుకు పూమొగ్గ తొడిగే దశలోనే పని పూర్తి చేసుకోవాలి, పూత విచ్చాక కొడితే కాయ పట్టించే ఈగలే ముందు పోతాయి. దగ్గర్లో తేనెపెట్టెలు ఉంటే ముందురోజు కబురు చేయండి. పొద్దుతిరుగుడు వేసినవాళ్లు పూతలో ఎకరానికి రెండు మూడు పెట్టెలు తెప్పించుకుంటే గింజ బాగా పడుతుంది. దొరక్కపోతే పొద్దున తొమ్మిది పదకొండు మధ్య మెత్తటి గుడ్డ చేతికి చుట్టుకుని పువ్వు మీద సుతారంగా రుద్దాలి, రోజు విడిచి రోజు.

నర్సరీకి వెళ్లినప్పుడు, మాదైనా సరే, "దీనికి ఏం మందు కొట్టారు, ఎప్పుడు కొట్టారు?" అని అడగండి. జవాబు రాకపోతే మొదటి విడత పూలు విచ్చకముందే తుంచేయండి.

తేనెపెట్టె కొనమంటారా?

వారానికొకరు అడుగుతారు. ఈగలకు మేలు చేద్దామనే ఉద్దేశమైతే వద్దంటాను. పెట్టెలో ఈగ మన పెంపుడుది. దానికి కష్టమొస్తే చూసుకునే యజమాని ఉంటాడు. తుమ్మెదకు ఎవరున్నారు? పూలు తక్కువున్న చోట పెట్టె తెచ్చిపెడితే ఉన్న తిండికి పోటీ పెంచినట్టే. జబ్బులు కూడా తక్కువేం కావు. 1991, 92లో ఒక వైరస్ వచ్చి దక్షిణాదిలో దేశవాళీ తేనెటీగల పెట్టెలు ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. తేనె కోసం, ఆదాయం కోసం పెంచాలంటే అది వేరే విషయం. ముందు శిక్షణ తీసుకోండి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ, ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ లాంటివి నేర్పుతాయి. అడవి తేనె కొనేటప్పుడు గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో కొనుక్కోవచ్చు. అది కొండల్లో తీసినవాళ్ల దగ్గర కొనేది, 1956 నుంచి ఉంది.

అవి వచ్చేదాకా

గూడు కట్టి, పూలు పెట్టినా వచ్చేవాళ్లు వెంటనే రారు. ఈలోపు కాయ తినాలి కదా. ఆనప, పొట్లకు చీకటి పడే వేళ మగ పువ్వు కోసి, రేకులు వెనక్కి విరిచి, నడుమ పొడి ఆడ పువ్వు నడిబొడ్డున మెల్లగా రాయండి. బీరకు సాయంత్రమే. గుమ్మడికి సూర్యుడు పైకెక్కకముందే. ఒక మగ పువ్వు రెండు మూడు ఆడ పూలకు సరిపోతుంది. మిగతా మగ పూలు అన్నీ కోసేయకండి, వచ్చిన పురుగుకు ఏదో ఒకటి ఉండాలి.

సీతాఫలం కొంచెం ఓపిక అడుగుతుంది. పువ్వు మొదట కాస్తే తెరుచుకుని ఆడదిగా ఉంటుంది, తర్వాత రేకులు బాగా విడిపోయి మగదవుతుంది. సాయంత్రం బాగా విడిపోయిన పూల నుంచి పొడిని చిన్న డబ్బాలోకి దులపండి. చల్లటి చోట పెట్టి, మర్నాడు పొద్దున్నే సగం విచ్చుకున్న పూలలోకి సన్నటి బ్రష్‌తో అద్దండి. చెట్టు కింద కుళ్లిన పండ్లు, తొక్కలు కొంచెం కుప్ప పోస్తే ఆ పెంకు పురుగులు కూడా చేరతాయి.

ఆకాకరకు మాత్రం మగ మొక్క, ఆడ మొక్క వేరువేరు. దుంప కొనేటప్పుడే పది ఆడవాటికి ఒకటైనా మగది ఇమ్మని అడిగి తీసుకోండి. అన్నీ ఆడవే పెట్టి కాయ లేదని ఫోన్ చేస్తే, మగ దుంప పంపడం తప్ప నేను చేయగలిగింది ఏమీ లేదు. దుంపలు తొలకరికి ముందే అయిపోతాయి.